ఇసుక నుంచి అచ్చుపుటకు: తెలుగు ఇళ్లలో తొలి చదువు (1822–1928)

1826 మార్చి 10వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ విద్య స్థితిపై రాసిన మినిట్‌లో ఆయన నమ్మలేకపోయిన సంఖ్య ఒకటుంది. మద్రాసు నగరంలో బడికి పోకుండా ఇంటివద్దనే చదువుకుంటున్న పిల్లలు 26 వేలకు పైగా ఉన్నారని కలెక్టరు పంపిన లెక్క చెప్పింది. నగరంలోని బడిపిల్లల సంఖ్యకు అది సుమారు ఐదు రెట్లు. ఇందులో ఏదో పొరపాటు ఉండవచ్చునని మన్రో అనుమానించాడు. అయినా ఆ అంకెను కొట్టివేయలేదు. బంధువుల దగ్గరో, ఇంటికి వచ్చే ఉపాధ్యాయుల దగ్గరో పిల్లలు చదువుకోవడం రాజధానిలో ఏ ప్రాంతంలోనూ అరుదు కాదని ఆ వెంటనే రాశాడు. ఐదు నుంచి పదేళ్ల వయసున్న మగపిల్లలలో బడులలో ఉన్నవారు నాలుగోవంతు. ఇంటిచదువును కూడా కలిపితే ఆ నిష్పత్తి మూడోవంతుకు దగ్గరగా వస్తుందని ఆయన అంచనా.

ఈ నివేదికలను ధరంపాల్ 1983లో సంకలనం చేసి ప్రచురించిన నాటి నుంచి, వలస పాలనకు ముందు ఎంతమంది చదువుకున్నారన్న ప్రశ్న చుట్టూ వాదోపవాదాలు సాగుతున్నాయి. ఆ వాదంలో ఇంటిచదువు ఒక కూడిక అంకెగా మాత్రమే కనిపిస్తుంది. ఇంట్లో పిల్లవాడికి ఎవరు, ఏ పరికరంతో, ఏ క్రమంలో అక్షరం నేర్పారన్నది దాదాపు ఎవరూ అడగలేదు. అందుకు కారణం ఆధారాల స్వభావంలోనే ఉంది. 1822లో కలెక్టర్లకు పంపిన నమూనా పట్టిక బడులను, కళాశాలలను లెక్కించడానికి తయారైనది. అందులో ఇంటికి గడి లేదు. ఒకరిద్దరు కలెక్టర్లు అడగని సమాచారాన్ని చేర్చారు గనుకనే ఆ మాత్రమైనా తెలుస్తున్నది. ఇల్లు ఎంత లెక్కకు అందిందన్న దానికంటే, అది బడికి భిన్నంగా ఏ పని చేసిందన్నది ముఖ్యమైన ప్రశ్న. తెలుగు ప్రాంతాల మేరకు ఈ ప్రశ్నకు లభ్యమైన ఆధారాలనుంచి జవాబు వెతకవచ్చు.

బియ్యంలో తొలి అక్షరం

బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక ఈ విషయంలో అన్నిటికంటె విలువైనది. తెలుగు వ్యాకరణం రాసిన అధికారి కావడం వల్ల ఆయన అంకెలతో ఆగిపోలేదు. తెలుగు, కన్నడాలు రెండూ వినిపించే ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క చెప్పి, అక్షరాభ్యాసం జరిగే తీరును వర్ణించాడు. పిల్లవాడికి ఐదేళ్లు నిండగానే తల్లిదండ్రులు బడిపంతులును, బడిపిల్లలను తమ ఇంటికి పిలుస్తారు. గణపతి ప్రతిమ చుట్టూ అందరూ కూర్చుంటారు. పంతులు పిల్లవాడి పక్కన కూర్చుని, ధూపం వేసి, ప్రార్థన చెప్పించి, అతని వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయిస్తాడు. తల్లిదండ్రులు శక్తికొద్దీ ఇచ్చిన కానుక పుచ్చుకుని సెలవు తీసుకుంటాడు. పిల్లవాడు మరునాటి ఉదయం బడిలో అడుగు పెడతాడు.

ఈ వర్ణనను ఉదాహరించేవారు సాధారణంగా దానిని బడి చరిత్రకు ఉపోద్ఘాతంగా వాడుకుంటారు. అయితే ఇక్కడ బడి మొత్తం ఇంటికి తరలి వచ్చింది. తొలి అక్షరం పడిన చోటు ఇల్లు. అది పడినది ఇంటి బియ్యంలో. బడి జరిగే స్థలం సైతం చాలా ఊళ్లలో ఎవరో ఒకరి ఇంటి అరుగే. ఆంగ్ల రికార్డులు ఈ బడులకు ‘పయాల్’ బడులని పేరు పెట్టాయి. పోర్చుగీసు నుంచి వచ్చిన ఆ మాటకు అర్థం అరుగు. తెలుగువారు వీధిబడి అన్నారు. ఒకే కట్టడాన్ని ఒకరు ఇంటివైపు నుంచి, మరొకరు వీధివైపు నుంచి చూశారన్నమాట. ఇల్లు, బడి అన్న విభజనను ఆనాటి సమాజం మీద గట్టిగా రుద్దడం సాధ్యం కాదనడానికి ఈ రెండు పేర్లే చాలు.

అరుగు దాటి లోపలికి వెళితే మాత్రం పరిస్థితి వేరు. క్యాంప్‌బెల్ లెక్కలోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. తక్కిన ఆడపిల్లలకు వీధిలో జరిగే చదువుతో సంబంధం లేదు. కుల వ్యవస్థలో అట్టడుగున ఉంచబడిన కుటుంబాలకు అరుగూ లేదు, పిలిస్తే వచ్చే పంతులూ లేడు. ఇంటిచదువును పొగిడే రచనలు ఈ సంగతిని తేలికగా దాటవేస్తాయి. ఇంట్లో చదువు చెప్పాలంటే ఇంట్లో అంతకుముందే చదివినవారు ఉండాలి. కనుక ఈ చదువు ప్రధానంగా వారసత్వపు ఆస్తి. బడికైనా ఇద్దరు ముగ్గురు కొత్తవారు కొత్త ఇళ్ల నుంచి వచ్చే అవకాశం ఉంది. ఇంటిచదువుకు, బయటి చేయి తోడు లేకపోతే, ఆ అవకాశం కూడా లేదు.

దిద్దడం, వల్లించడం

నాటి బోధనలో చదవడం కంటె రాయడం ముందు వచ్చేది. పిల్లవాడు ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతాడు. దిద్దుతూ పైకి అంటాడు. చేయి కుదిరిన తర్వాత బొగ్గు, జిగురు పట్టించిన గుడ్డతో చేసిన కడితం మీదికి, తాటాకు గంటాలకు, చివరికి కాగితానికి చేరుతాడు. బళ్లారిలో పంతులు జీతం కూడా ఈ మెట్లను బట్టి ఉండేది. కాగితం మీద రాసే దశకు, పై లెక్కలకు చేరిన పిల్లవాడు నెలకు అర్ధరూపాయి ఇవ్వాలి. తెలుగులో ‘దిద్దు’ అన్న క్రియకు గీసిన అక్షరం మీదనే మళ్లీ గీయడం అనీ, తప్పును సవరించడం అనీ రెండర్థాలు ఉండడం ఈ పద్ధతి వల్ల ఏర్పడినదే కావచ్చు.

తొలి పాఠం ‘ఓనమాలు’. ఓం నమశ్శివాయ, సిద్ధం నమః అన్న వందనంలోని అక్షరాలను విడివిడిగా దిద్దించగా దిద్దించగా ఆ పేరు వర్ణమాలకే స్థిరపడింది. ఇందులోని ‘సిద్ధం’లో జైన, బౌద్ధ సంప్రదాయాల జాడ ఉందన్నది పండితులు చాలాకాలంగా చెబుతున్న మాట. ఓనమాల తర్వాత అ ఆలు, హల్లులు, ఆపైన గుణింతం. తెలుగు బాలుడి చదువులో కష్టమంతా గుణింతంలోనే ఉంది. ముప్పైకి పైబడిన హల్లులు ఒక్కొక్కటి పన్నెండు రూపాలు ధరిస్తే నాలుగు వందలకు పైగా ఆకృతులు తయారవుతాయి. ఇంత రాశిని విడివిడిగా గుర్తుపెట్టుకోవడం ఐదేళ్ల పిల్లవాడి వశం కాదు. అందుకు సంప్రదాయం కనిపెట్టిన ఉపాయం గుర్తులకు పేర్లు పెట్టడం. తలకట్టు, గుడి, కొమ్ము వంటివి శబ్దాన్ని కాక ఆకారాన్నీ, చేయి కదలికనూ గుర్తుచేసే పేర్లు. కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు అని వల్లించే పిల్లవాడు ఒకేసారి ధ్వని సూత్రాన్నీ, లేఖన సూత్రాన్నీ అప్పజెబుతున్నాడు. ఇది యాంత్రికమైన బట్టీ అనడం సరికాదు. ఒక్క హల్లు మీద పట్టు దొరికితే మిగిలినవన్నీ దాని అచ్చులో పోయబడతాయి.

అయితే ఈ సూత్రానికి పరిమితి ఉంది. ‘కు’లోనూ ‘పు’లోనూ ఉన్నది ఒకే కొమ్మని నోరు అంటుంది. కంటికి మాత్రం ‘పు, వు’లలో ఆ కొమ్ము అడుగునుంచి మొలుస్తూ వేరుగా కనిపిస్తుంది. వల్లెలో లేని ఈ తేడాను ఇసుకలో దిద్దిన వేలే నేర్చుకోవాలి. అంటే గుణింతం చదువును గోడకవతల కూర్చుని విన్నవారికి ఆ లయ అంతా పట్టుబడవచ్చు, అక్షరం పట్టుబడదు. శతక పద్యాలు, బాలరామాయణం, అమరం వంటివి చెవి ద్వారా ఎంత దూరమైనా పోతాయి. లిపి మాత్రం అలా ప్రయాణించదు. స్త్రీలకు వందలాది పద్యాలు కంఠస్థంగా ఉండడాన్ని అక్షరజ్ఞానానికి నిదర్శనంగా చూపే వ్యాసాలు ఈ భేదాన్ని పాటించవు.

దీనికి మరో పార్శ్వాన్ని క్యాంప్‌బెల్ గమనించాడు. పెద్ద పిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతిని మెచ్చుకుంటూనే, బడిలో చదివే కావ్యభాష వాడుక భాషకు చాలా దూరమనీ, పిల్లలు అర్థం తెలియకుండా చిలుకల్లా పద్యాలు అప్పజెబుతున్నారనీ విమర్శించాడు. విమర్శలో వలసాధికారి దృష్టి ఉన్నమాట నిజం. కాని అర్ధశతాబ్దం తర్వాత తెలుగువారే దాదాపు ఇదే మాట అన్నారు. ఐదేళ్లకే వీధిబడిలో చేరి బాలరామాయణం, ఆంధ్రనామసంగ్రహం, అమరం, సుమతీశతకం వల్లించిన కందుకూరి వీరేశలింగం తరువాతి కాలంలో సులభ వచనం కోసం, స్త్రీల చదువు కోసం పాటుపడ్డారు.

అచ్చుపుస్తకం ఇంట్లోకి రావడం

తరిగొండ వెంగమాంబ (1730–1817) తాను ఆచార్యుల చెంత ఓనమాలైనా నేర్వలేదని చెప్పుకున్నట్లు ప్రసిద్ధి. కవులు వినయంగా చెప్పుకునే మాటల కోవలో దీనిని చేర్చి ఊరుకోవడం సాహిత్య చరిత్రలో పరిపాటి. మాటను మాటగా తీసుకుంటే మరో అర్థం స్ఫురిస్తుంది. ఆమె కాదన్నది గురువు సన్నిధిని, అక్షరాన్ని కాదు. గురువు లేని చదువు ఇంట్లో కాక మరెక్కడ సాధ్యం? పద్దెనిమిదో శతాబ్దిలో అట్టి చదువు అసాధారణమైన వ్యక్తులకే సాధ్యమైంది. పందొమ్మిదో శతాబ్దిలో సాధారణులకు కూడా దానిని అందుబాటులోకి తెచ్చినది అచ్చైన వాచకం.

పుదూరు సీతారామశాస్త్రి 1832 ప్రాంతంలో కూర్చిన బాలశిక్ష, అది క్రమంగా పెరిగి పెద్దబాలశిక్షగా స్థిరపడిన తీరు తెలుగు ప్రచురణ చరిత్రలో సుపరిచితమైన అంశాలే. దానిని విజ్ఞాన సర్వస్వంగా మెచ్చుకోవడం కూడా పరిపాటి. ఇక్కడ గమనించవలసినది దానిలోని తొలి పుటల అమరిక. వర్ణమాల, గుణింతం, ఒత్తులు అయిన తర్వాత రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, ఆపైన చిన్న వాక్యాలు వస్తాయి. అక్షరం నుంచి నేరుగా పద్యంలోకి దూకిన వీధిబడి క్రమంలో ఈ మధ్య మెట్లకు చోటు తక్కువ. మాటను చూసి గుర్తుపట్టి చదవడం అన్న పని ఇక్కడ వేరుగా అభ్యాసమైంది. అంతకంటె ముఖ్యంగా, ఇసుక మీద అక్షరం పంతులు గీస్తేనే ఉంటుంది, చెరిపితే పోతుంది. అచ్చుపుటలో అది స్థిరంగా ఉంటుంది. పాఠాల వరుస పంతులు జ్ఞాపకంలో నుంచి పుస్తకంలోకి మారింది. తనకు పది పుటలు వచ్చినవారు అంతవరకు రానివారికి చెప్పగలరు. తమ్ముడు అక్కకు గురువు కావడానికి వీలు కలిగింది.

భండారు అచ్చమాంబ (1874–1905) జీవితం దీనికి ప్రముఖ ఉదాహరణ. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన ఆమెకు బడి చదువు లేదు. పసివయసులోనే వివాహమైంది. మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు కోసం అక్కగారింట ఉన్న కాలంలో, ఆయన సాయంతో ఆమె విద్య అలవరచుకున్నారు. తెలుగుతో ఆగక ఇతర భాషలలో ప్రవేశం సంపాదించారు. కథలు రాశారు. అబలా సచ్చరిత్ర రత్నమాలకు వందలాది పుటల సమాచారం సేకరించారు. ఆమెను తొలి కథారచయిత్రిగా నిలిపే చర్చ ఎంతో జరిగింది. ఆమె చదువుకున్న పద్ధతి మీద జరిగిన చర్చ స్వల్పం. బడికి పోయే మగపిల్లవాడు ఇంటికి తెచ్చిన పుస్తకం, ఖర్చులేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, ఇంటిలోని ఆడపిల్లకు కూడా పాఠ్యమైంది. బడి నేర్పిన చదువులో ఒక వంతు ఇలా ఇంట్లో మరోసారి చెల్లుబాటైంది. ఈ రెండో చెల్లుబాటు విద్యాశాఖ నివేదికలకు ఎక్కదు.

సంస్కర్తలు దీనిని గుర్తించారు. వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల ప్రారంభించారు. అయినా దానితో సరిపెట్టక 1883లో సతీహితబోధిని అనే మాసపత్రికను స్త్రీల కోసమే నెలకొల్పారు. బడి మానేసిన పిల్లకు, బడి ముఖం చూడని ఇల్లాలికి ఇంట్లో చదవడానికి ఏదో ఒకటి ఉండాలన్న ఆలోచన దాని వెనుక ఉంది. ఇంటి గడప దాటని స్త్రీలకు ఇళ్లకే వెళ్లి చెప్పే జనానా బోధనకు ప్రభుత్వ ధనం నుంచి గ్రాంటు ఇవ్వడం సమంజసమేనని 1882లో ఏర్పడిన హంటర్ కమిషన్ సిఫారసు చేసింది. 1902లో వెలువడిన హిందూసుందరి నాటికి స్త్రీలు పాఠకులుగానే కాక రచయిత్రులుగా, సంపాదకులుగా కనిపిస్తారు. ఈ తరం తల్లులైనప్పుడు ఇంటిలో తొలి అక్షరం చెప్పే చేయి మారింది. క్యాంప్‌బెల్ చూసిన అక్షరాభ్యాసంలో తల్లి పాత్ర కానుక ఇచ్చేవారిలో ఒకరిగా మాత్రమే ఉంది.

ఇంటి మాట, పుస్తకం మాట

తల్లి చదువు చెప్పడం మొదలైన చోట ఒక కొత్త చిక్కు బయటపడింది. తల్లి ‘వచ్చాడు’ అంటుంది. వాచకం ‘వచ్చెను’ అంటుంది. బడిలో పంతులు మాట్లాడేది, చదివించేది రెండు వేర్వేరు భాషలైనా పిల్లవాడు దానిని బడి మర్యాదగా భావిస్తాడు. తల్లి ఒడిలో ఆ ఎడం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కూడబలుక్కుని చదివిన మాట తనకు తెలిసిన మాట కాకపోతే, సరిగా చదివానో లేదో తేల్చుకునే ఆధారం పిల్లవాడికి ఉండదు. 1906లో విశాఖపట్నం ప్రాంతంలో పాఠశాలల పర్యవేక్షణకు వచ్చిన జె.ఎ. యేట్స్‌కు ఎదురైనది ఈ సందేహమే. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల తెలుగు ఒకటి ఎందుకైందని ఆయన అడిగిన ప్రశ్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తిల దాకా చేరింది. వ్యావహారిక భాషోద్యమ చరిత్రలన్నీ ఈ ఘట్టంతో మొదలవుతాయి గాని, తొందరగా కావ్యభాష, పరీక్షల వ్యాసరచన వైపు సాగిపోతాయి. ఆ ప్రశ్న పుట్టింది పిల్లల చదువు దగ్గర. గిడుగువారికి అది మొదటినుంచీ తెలుసు. పర్లాకిమిడిలో సవర మాట్లాడే మనిషిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్న ఆయన, సవర పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు.

నిజాం రాజ్యంలో ఈ చిక్కు మరింత తీవ్రం. అక్కడ ఇంటి మాటకూ బడి పుస్తకానికీ మధ్య ఎడం శైలీభేదంతో ఆగలేదు. బోధనా భాషే ఉర్దూ. తెలుగు చదవడం రావాలంటే ఇల్లు, వీధిబడి, ఖాన్గీ బడి తప్ప వేరే దారి చాలామందికి లేదు. 1920లలో ప్రైవేటు బడులకు ముందుగా ప్రభుత్వ అనుమతి ఉండాలన్న నిబంధన వచ్చిన తర్వాత ఆ దారీ ఇరుకైంది. కోస్తాలో ఇంటిచదువు బడికి చేరలేనివారి ఆశ్రయం అయితే, తెలంగాణలో అది బడికి పోయే పిల్లవాడికి కూడా అవసరమైంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం వెలిసినప్పుడు దాని స్థాపకులలో అచ్చమాంబ తమ్ముడు లక్ష్మణరావు ఉండడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. గ్రంథాలయోద్యమాన్ని రాజకీయ చైతన్యానికి తొలిమెట్టుగా చూపడం సరైనదే. దానితోపాటు, ఇంట్లో తెలుగు అక్షరం నేర్చినవారు ఆ తర్వాత చదువుకోవడానికి ఉన్న ఒకే చోటు కూడా అదేనని చెప్పాలి. మాడపాటి హనుమంతరావు పూనికతో 1928లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల హైదరాబాదులో ఏర్పడేదాకా ఆడపిల్లల విషయంలో ఈ స్థితి పెద్దగా మారలేదు.

లెక్కకు రాని పాఠకురాలు

ఇక అంకెల సంగతి. 1881, 1891 జనాభా లెక్కలు జనాన్ని చదువుకుంటున్నవారు, చదవనూ రాయనూ వచ్చినవారు, నిరక్షరులు అని మూడుగా విభజించాయి. 1911లో నిర్వచనం ఇంకా కచ్చితమైంది. స్నేహితునికి ఉత్తరం రాసి, వచ్చిన జవాబును చదువుకోగలిగినవారే అక్షరాస్యులు. అంతకు ఏడాది ముందే, 1910లో, గురజాడ ‘దిద్దుబాటు’ కథ ఒక భార్య రాసిన ఉత్తరం మీద నడవడం ఆసక్తికరమైన పోలిక. చదువుకున్న స్త్రీ అంటే ఉత్తరం రాయగల స్త్రీ అన్న భావన ఎన్యూమరేటరుకూ కథకుడికీ సమానమే.

ఈ కొలమానం ఇసుక మీద నేర్చినవారికి సరిపోతుంది. వారికి రాత ముందు, చదువు తర్వాత. అచ్చుపుస్తకం ద్వారా ఇంట్లో నేర్చినవారి క్రమం దీనికి తలకిందులు. వారి కన్ను ముందు నడిచింది. పలకా బలపమూ మగపిల్లవాడి సొత్తు. వంటింట్లో పుస్తకం తెరిచి చదువుకునే వీలు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది, కూర్చుని దిద్దే తీరిక దొరకదు. ఆడపిల్ల ఉత్తరాలు రాయడం ఎందుకన్న శంక కూడా తోడైన ఇళ్లలో, చదవడం నేర్పి రాయడం నేర్పకుండా ఆపివేయడానికి కారణం సిద్ధంగానే ఉంది. అటువంటి ఇంటిలో మొల్ల రామాయణాన్ని అచ్చుపుటలో చూసి ధారాళంగా చదివి, పక్కన కూర్చున్న మనవడికి కకు గుడిస్తే కి అని చెప్పిన ముసలమ్మ, 1911లో గణకుడు వాకిట నిలబడి అడిగిన ప్రశ్నకు రాదనే జవాబు చెప్పి ఉంటుంది. అతడు ఆమెను నిరక్షరుల గడిలో చేర్చుకుని పక్క ఇంటికి వెళ్లి ఉంటాడు.